నేనే స్పీడ్ బ్రేకర్

శ్రీలేఖ నన్ను మొదటిసారి చూసినప్పుడు నా కారు ముందు చక్రాలు స్పీడ్ బ్రేకర్‌కు అవతల, వెనక చక్రాలు ఇవతల ఉన్నాయి. కారు కడుపు మాత్రం దాని మీద ఆనుకుని ఉంది. ముందుకు పోదు, వెనక్కి రాదు. యాక్సిలరేటర్ నొక్కితే విమానం లేస్తున్నంత సౌండు. కదలిక మాత్రం లేదు.

బన్సీలాల్‌పేట్ మెట్లబావి వెనక గల్లీ అది. ఆఫీసుల వేళ. వెనక ఒక ఆటో, ఒక పాలబండి, రెండు స్కూటీలు. అందరి హారన్లూ నా ఒక్కడి కోసమే.

పక్కింటి గేటు తీసుకుని ఒక అమ్మాయి వచ్చింది. లేత నీలం కోటు, జుట్టు పైకి చుట్టి అందులో గుచ్చిన పెన్ను. నా కారు కిటికీ ఆమె నడుము కన్నా కిందికి ఉండడంతో బాగా వంగి లోపలికి చూసింది.

"హలో, లోపల ఎవరైనా ఉన్నారా?"

"ఉన్నానండి."

"పడుకున్నారా?"

"కూర్చున్నానండి. సీటే అట్ల ఉంటది."

"ఇది స్పీడ్ బ్రేకర్ అండి. దాటడానికి వేశారు. పార్కింగ్‌కి కాదు."

"దాటుదామనే వచ్చిన."

"ఇదేమైనా స్పోర్ట్స్ కారా?"

"ట్రాక్ కారండి. రేసింగ్ ట్రాక్ మీద నడిపే కారు."

"ఓహో. ఎంత స్పీడ్ వెళ్తుంది?"

ఈ ప్రశ్నకు నా దగ్గర మంచి జవాబు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. అది చెప్పే సమయం కాదని తెలిసి కూడా చెప్పాను. "రెండు వందల ఇరవై."

ఆమె లేచి వెనక ఉన్న పాలబండిని, ఆటోను చూసి మళ్లీ వంగింది. "ఇవాళ కూడానా?"

చివరికి ఆటో అన్న, పాలబండి అన్న కలిసి వెనక నుంచి ఎత్తి తోశారు. కింద నుంచి కర్ర్ర్‌మని ఒక చప్పుడు వచ్చింది. నా పళ్లన్నీ జివ్వుమన్నాయి. ఆమె కూడా కళ్లు గట్టిగా మూసుకుంది. అది నాకు నచ్చింది. నా కారుకు దెబ్బ తగిలితే అయ్యో అనుకున్న మొదటి మనిషి.

"నడుం నొప్పి వస్తే రండి" అంటూ ఆమె గేటు పక్కనున్న బోర్డు చూపించింది. శ్రీలేఖ ఫిజియోథెరపీ.

"నాకు నడుం నొప్పి లేదండి."

"వస్తుంది" అంది ధీమాగా.

* * *

ఆ కారు నాకెలా వచ్చిందో చెప్పాలి. లేకపోతే నన్ను డబ్బున్నవాళ్ల అబ్బాయి అనుకుంటారు.

మా నాయిన తుకారాం బోయిగూడలో టింబర్ డిపోలో పనిచేస్తాడు. మా ఇంట్లో డిగ్రీ పట్టా ఫ్రేము కట్టించి గోడకు తగిలించుకున్న మొదటి మనిషిని నేను. మెకానికల్ ఇంజనీరింగ్. బాలానగర్‌లో బ్రేకులు టెస్ట్ చేసే కంపెనీలో ఉద్యోగం. ట్రాక్ టెస్టింగ్ కోసం కంపెనీ తయారు చేయించిన కారు ఇది. ప్రాజెక్టు మూసేశాక స్టాఫ్‌లో ఎవరికైనా తక్కువ ధరకు ఇస్తామన్నారు. పెళ్లయినవాళ్లంతా ఇంట్లో అడిగి వస్తామని వెళ్లి మళ్లీ ఆ మాట ఎత్తలేదు. నేను ఇంట్లో అడగలేదు. ఏ కాలేజీ, ఏ కోర్సు, ఏ ఉద్యోగం, చివరికి ఏ రంగు చొక్కా అన్నది కూడా ఇంట్లో అడిగి చేసినవాణ్ని. అడక్కుండా చేసింది ఇదొక్కటే. ఫలితం మీరు చూస్తున్నారు.

ఎర్ర రంగు. రెండే సీట్లు. వెనక సీటు ఉండాల్సిన చోట ఇనుప పైపులు. ఏసీ లేదు, పాటలు లేవు. సస్పెన్షన్ ఎంత గట్టిగా ఉంటుందంటే రోడ్డు మీద రూపాయి బిళ్ల పడి ఉంటే అది బొమ్మో బొరుసో నా వెన్నెముకకు తెలుస్తుంది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు బ్రేకు వేస్తే వచ్చే కీచుకు మా గల్లీ కుక్కలు ముందే లేచి పక్కకు జరిగేవి.

కారు ఇంటికి వచ్చిన రోజు నాయిన దాని చుట్టూ తిరిగి, దుంగను తట్టినట్టు డోరు మీద తట్టి చూశాడు.

"లోపల ఏం లేదురా రాజేందర్. బోలుగ మోగుతుంది."

"బరువు తక్కువ ఉండాల్నని అట్ల చేస్తరు నాయినా."

"కారు తెస్తనంటే నలుగురం కల్సి యాదగిరిగుట్ట పోదమనుకున్న. గిదేందిరా, టోకెన్ తీస్కొని ఒక్కొక్కలు ఎక్కే బండి తెచ్చినవ్."

అయినా ఎక్కి కూర్చున్నాడు. భుజాల మీదుగా రెండు, నడుముకు రెండు, మొత్తం నాలుగు పట్టీల బెల్టు. మధ్యలో ఒక గుండ్రటి బిళ్ల ఉంటుంది, దాన్ని తిప్పితే అన్నీ ఊడిపోవాలి. నాయినకు ఊడలేదు. నేను మెకానిక్‌ను తీసుకొచ్చే దాకా అమ్మ చాయ్ కారులోకే తెచ్చిచ్చింది.

అమ్మ పేరు శ్యామలమ్మ. పూజ చేసి ముందు బంపర్‌కు నిమ్మకాయ, మిరపకాయల దండ కట్టింది. బంపర్ ఎత్తు మా ఇంటి గడపంతే. గల్లీ చివరికి వచ్చేసరికి మిరపకాయలు రోడ్డు మీద నూరుకుపోయి చట్నీ అయ్యాయి.

* * *

అమ్మను వారానికోసారి మోండా మార్కెట్‌కు తీసుకెళ్లడం నా డ్యూటీ. పక్కన మనిషి కూర్చుంటే కారు ఇంకా కిందికి దిగుతుంది. కాబట్టి ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా అమ్మ దిగాలి. దిగి, కొంగు సర్దుకుని, బ్రేకర్ నడిచి దాటి, అవతల నిలబడాలి. నేను వాలుగా ఒక్కో చక్రం దాటించాక మళ్లీ ఎక్కాలి.

శ్రీలేఖ ఇదంతా గేటు దగ్గర నిలబడి చూసేది.

"ఒక మాట అడగనా? మీరూ మీ అమ్మగారూ ఎప్పుడూ గొడవ పడతారా?"

"లేదండి. ఎందుకు?"

"మరి ప్రతి వారం ఇక్కడికి రాగానే ఆవిడ కారు దిగి నడుచుకుంటూ వెళ్లిపోతున్నారుగా. కాసేపటికి మీరు బతిమాలి ఎక్కించుకుంటున్నారు."

విషయం చెప్పాను. ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. భుజాలు మాత్రం కదులుతూనే ఉన్నాయి.

ఆ బ్రేకర్‌ను వాళ్ల నాన్న తాతారావు గారు దగ్గరుండి వేయించారు. ఆయనకు రాణిగంజ్‌లో బేరింగుల షాపు ఉంది. తణుకు నుంచి వచ్చి సికింద్రాబాద్‌లో స్థిరపడిన మనిషి. ఏది చేసినా గట్టిగా చేస్తారు. అందుకే అది బ్రేకర్‌లా కాకుండా ప్రహరీగోడ పడుకున్నట్టు ఉండేది. వేయించిన కారణం మాత్రం మంచిదే. శ్రీలేఖ దగ్గరికి వచ్చేవాళ్లంతా మోకాళ్ల నొప్పులవాళ్లు, కర్ర పట్టుకుని నడిచేవాళ్లు. ఆటోలు ఎదుటి వైపు ఆగుతాయి. వాళ్లు రోడ్డు దాటేలోపు బైకులు దూసుకుపోకుండా ఉండాలని.

వాలుగా దాటడానికి గల్లీ వెడల్పంతా కావాలి. ట్రాఫిక్ ఆపేవాళ్లు కావాలి. రెండో వారం నుంచి ఆ పని శ్రీలేఖ తీసుకుంది. పొద్దున నా సౌండు మెట్లబావి దగ్గర వినపడగానే గేటు తెరుచుకునేది.

"రైట్ కొట్టండి... ఇంకొంచెం... ఆగండి, స్కూటీ అంకుల్ ఆగండి! ఆ, ఇప్పుడు రండి, రండి, రండి..."

ఆఫీసుకు వెళ్లడానికి ఇంకో దారి లేదా అంటే ఉంది. ఆ దారిలో స్పీడ్ బ్రేకర్ లేదు. శ్రీలేఖ కూడా లేదు.

ఇంతలో ఆమె చెప్పిన నడుం నొప్పి చెప్పినట్టే వచ్చింది. చూపించుకోవడానికి వెళ్లాను. నన్ను బల్ల మీద పడుకోబెట్టి కాళ్లు ఎత్తించి, దింపించి, ఉన్నట్టుండి ఆగిపోయింది.

"మీ ఎడమ తొడ కుడిదాని కన్నా లావుగా ఉందేంటి? ఒంటికాలి మీద తపస్సు గానీ చేస్తున్నారా?"

"క్లచ్ అండి. రేసింగ్ క్లచ్. జెర గట్టిగ ఉంటది."

"ఆటోమేటిక్ కొనుక్కోవచ్చు కదా?"

"మాన్యువల్ అయితే కారుకు మనకు ఒక కనెక్షన్ ఉంటదండి."

"ఉంది" అంటూ నడుము మీద ఒక చోట వేలితో నొక్కింది. "ఇక్కడ తెలుస్తోంది."

నేను అరిచిన అరుపుకు పక్క గదిలో సైకిల్ తొక్కుతున్న శేషారత్నం గారు తొక్కడం ఆపి, "అమ్మాయ్, కుర్రాణ్ని చంపకు" అన్నారు. కాకినాడ నుంచి కొడుకు దగ్గరికి వచ్చి ఇక్కడే ఉండిపోయిన పెద్దావిడ. మోకాలి ఆపరేషన్ అయ్యాక కర్ర సాయంతో రోజూ వస్తున్నారు. ఆ గల్లీలో ఆవిడకు తెలియని విషయం లేదు.

* * *

వానాకాలం షురూ అయింది. ఒక సాయంత్రం రాణిగంజ్‌లో వాళ్ల షాపు ముందు శ్రీలేఖ ఆటో కోసం నిలబడి ఉంది. వాన ఏటవాలుగా కొడుతోంది. ఒక్క ఆటో ఆగడం లేదు.

నేను ఆగాను. నిజానికి అప్పటికే ఇంజను ఆగిపోయింది. అదే అదననుకుని డోరు తెరిచాను.

"ఎక్కండి. ముందు కూర్చోండి, తర్వాత కాళ్లు లోపలికి పెట్టండి. అటు కాదు, ఆ పైపు మీద నుంచి. తల జెర పైలం."

"ఇది కారా, సర్కసా?"

కూర్చుంది. బెల్టు పెట్టాను. "ఇది తీసుడు మాత్రం కష్టమండి. మా నాయిన అయితే..."

ఆమె బిళ్లను అటు తిప్పింది. టక్కున నాలుగు పట్టీలూ ఊడి పడ్డాయి. మళ్లీ తనే పెట్టుకుంది. మళ్లీ తిప్పింది. టక్.

"ఇదేనా? రోజూ ఇలాంటివి పేషెంట్లకి నలభై కడతాను."

ఏసీ లేని కారులో ఇద్దరు తడిసినవాళ్లు కూర్చుంటే ముందు అద్దం పాలు పోసినట్టు తెల్లగా అయిపోతుంది. ఆమె చున్నీ కొసతో నా వైపు అద్దం తుడుస్తోంది. తుడిచినంత మేర రోడ్డు కనిపిస్తోంది. మిగతా అంతా తెలుపు. సిగ్నల్ దగ్గర ఆగాం. ఆమె ముంజేతి మీద వాన చుక్క ఒకటి మణికట్టు దాకా జారి, అక్కడ ఆగి ఆలోచిస్తోంది. నేనూ ఆలోచిస్తున్నాను. నా జీవితంలో ఇంట్లో అడక్కుండా చేయబోయే రెండో పని ఇది.

ఇంజను సౌండుకు వినపడాలని గొంతు పెంచాను. "శ్రీలేఖ గారూ! నాకు మీరంటే చాలా..."

అప్పుడే నా ఎడమకాలు క్లచ్ మీద నుంచి జారింది. కారు ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. ఆ హఠాత్తు నిశ్శబ్దంలో నా చివరి మాట ఒక్కటే రాణిగంజ్ అంతా మోగింది.

"...ఇష్టం!"

పక్క ఆటో డ్రైవరు తల బయటపెట్టి చూశాడు. శ్రీలేఖ తుడవడం ఆపింది.

"ఏంటి ఇష్టం?"

చుట్టూ చూశాను. "వాన."

"వానా?"

"అవునండి. వాన అంటే ఇష్టం. చిన్నప్పటి నుంచి."

"దానికి అంత అరవాలా?" అంది. ఇంటి దాకా తుడిచిన చోటే మళ్లీ మళ్లీ తుడుస్తూ కూర్చుంది. దిగేటప్పుడు మాత్రం, "రేపు కూడా వాన ఉందట. మీకు పండగే" అంది.

* * *

బోనాలు అయిపోయిన మరుసటి వారం. పొద్దున అలవాటుగా మెట్లబావి మలుపు తిరిగి, ఫస్ట్ గేరులోకి దించి, వాలుగా దాటుదామని స్టీరింగు తిప్పాను. తగలాల్సిన చోట ఏమీ తగల్లేదు. కారు వెన్న మీద పోయినట్టు పోయింది. తిరిగి చూసేసరికి శ్రీలేఖ వాళ్ల గేటు దాటి చాలా దూరం వచ్చేశాను.

స్పీడ్ బ్రేకర్ లేదు. కొట్టేసిన చోట నల్లగా కొత్త తారు పూత ఉంది.

రివర్సులో వెనక్కి వచ్చాను. గేటు దగ్గర శ్రీలేఖ ఉంది. పక్కనే తాతారావు గారు, లుంగీ మీద, చేతిలో పేపరు నలుపుతూ.

"కంగ్రాట్స్" అంది శ్రీలేఖ.

"ఏమైందండి?"

"ఏమైందా?" తాతారావు గారు అందుకున్నారు. "కార్పొరేటర్ మనుషులొచ్చి కొట్టేసి పోయారయ్యా. ఎందుకు నాయనా అంటే, ఎర్ర కారు దాటలేకపోతోందని చెప్పారండీ అన్నారు. ఈ చుట్టుపక్కల ఎర్ర కారు నీది కాక ఇంకెవరిదయ్యా?"

"నిన్న సాయంత్రం శేషారత్నం గారు దాటుతుంటే ఒక బైకు ఆవిడ కర్రని కొట్టుకుంటూ పోయింది" శ్రీలేఖ గొంతు చిన్నగా ఉంది. "కర్ర ఎగిరి కాలవలో పడింది. ఆవిడ గేటు పట్టుకుని నిలబడ్డారు కాబట్టి సరిపోయింది. ఇంక రానని పొద్దున ఫోన్ చేశారు. ఇంకో ఇద్దరు కూడా."

"నేను ఎవరికీ చెప్పలేదండి! ఒట్టు!"

"మరి ఎవరు చెప్పారు?"

అప్పుడు గుర్తొచ్చింది. పండుగనాడు అమ్మ బోనం ఎత్తుకుని నిలబడ్డప్పుడు కార్పొరేటర్ వచ్చి దండం పెట్టాడు. అమ్మ ఆయనతో ఏదో చాలాసేపు చెప్పింది, చేతులు తిప్పుతూ. ఒక చెయ్యి ఎత్తుగా, ఇంకో చెయ్యి దాని మీద గీరుకుంటూ పోతున్నట్టు.

నోరు మూసుకున్నాను. తర్వాత తెరిచాను. "నేనేనండి. నేనే చెప్పిన."

శ్రీలేఖ గేటు మీద చెయ్యి వేసింది. "రోజూ ఇక్కడ నిలబడి మీకోసం ట్రాఫిక్ ఆపాను. ఇక్కడ ఆగడం మీకంత తక్లీఫ్‌గా ఉందని నాకు తెలీదు. ఒక్క మాట నాతో అనాల్సింది."

గేటు వేసుకుని లోపలికి వెళ్లిపోయింది.

సాయంత్రం ఇంటికి వెళ్తే అమ్మ నా కోసమే ఎదురుచూస్తోంది. "ఎట్లుంది కొడకా రోడ్డు? సాఫ్ అయిందా?"

"అయిందమ్మా."

"దిగుడు ఎక్కుడు, దిగుడు ఎక్కుడు, నా మోకాళ్లు పోయినయ్. నీ కారుకు సుత గీతలు. కార్పొరేటర్‌కు చెప్పిన. నేను చెప్తే ఇంటడా అనుకున్న. ఇన్నడు!" అమ్మ ముఖం పండుగనాటి కన్నా వెలిగిపోతోంది. "నా అసుంటి దాని మాట సుత ఇంటరురా."

ఎక్కడా ఎవరినీ ఏదీ అడగని మనిషి. రేషన్ షాపులో తూకం తగ్గినా అడగదు. జీవితంలో మొదటిసారి ఒక పెద్ద మనిషిని ఒకటి అడిగింది, అదీ నా కోసం. అది తప్పమ్మా అని చెప్పడం నా ఇంజనీరింగ్‌లో ఎక్కడా నేర్పలేదు.

"మంచిగయిందమ్మా" అన్నాను.

* * *

కార్పొరేటర్‌ను కలవడానికి వెళ్తే ఊళ్లో లేడన్నారు. సిమెంటు తెచ్చి నేనే వేద్దామంటే పద్ధతి కాదు. ఇంకేం చేయాలో తెలియక పక్క మీద దొర్లి, పొద్దున్నే ఒక నిర్ణయానికి వచ్చాను. రోడ్డు మీద అడ్డంగా ఏదో ఒకటి ఉండాలి. సిమెంటు లేదు. నేను ఉన్నాను.

ఆఫీసులో పొద్దుటి పూట పర్మిషన్ పెట్టాను. పేషెంట్లు వచ్చే వేళకు మెట్లబావి దగ్గర నుంచి ఫస్ట్ గేరులో, మనిషి నడిచే వేగంతో, గల్లీ మధ్యలోంచి బయలుదేరాను. చివరిదాకా వెళ్లి, ముందుకూ వెనక్కూ అవస్థ పడి తిప్పుకుని, మళ్లీ అంతే నెమ్మదిగా వెనక్కి. రెండు వందల ఇరవై స్పీడులో పోయే కారు. శేషారత్నం గారు నడిస్తే నన్ను దాటేస్తారు.

వెనక బైకులు గోల. ఒకతను పక్కకు వచ్చి, "అన్నా, గిది కారా, ఎడ్లబండా?" అన్నాడు.

"ముంగట పేషెంట్లు దాటుతున్నరు తమ్మీ. మెల్లగ పోదాం."

"నీ కారే పేషెంటు లెక్క ఉంది!"

మొదటి రోజు క్లినిక్ కిటికీ కర్టెన్ కొంచెం కదిలింది. రెండో రోజు తాతారావు గారు బయటికి వచ్చారు.

"ఏవిటయ్యా ఇది?"

"రోడ్డు మీద పోతున్నానండి."

"పోవట్లేదుగా!"

ఆ తర్వాతి రోజు ఎదుటి వైపు ఒక ఆటో ఆగింది. కొత్త కర్రతో శేషారత్నం గారు దిగారు. ఇంక రానన్న మనిషి ఎలా వచ్చిందా అని చూస్తే, గేటు దగ్గర ఫోను పట్టుకుని శ్రీలేఖ నిలబడి ఉంది. నేను చూడగానే ఆకాశం వైపు చూసింది.

శేషారత్నం గారు నా కారు ముందు నుంచి తీరిగ్గా, పెళ్లి ఊరేగింపులా దాటారు. మధ్యలో ఆగి కర్రతో బానెట్ మీద తట్టారు. "బాబూ, కాస్త సౌండు తగ్గించు. నాకు బీపీ."

వారం తిరిగేలోపు నా ఎడమకాలు రాజీనామా ఇచ్చింది. గల్లీ మధ్యలో, సరిగ్గా పాత బ్రేకర్ ఉన్న చోట, పిక్క పట్టేసింది. క్లచ్ వదిలేశాను. కారు ఎగిరి ఆగిపోయింది.

ఈసారి గేటు ఒక్కసారిగా తెరుచుకుంది.

"దిగండి."

"దిగలేనండి. కాలు..."

ఆమె వంగి, బిళ్ల మీద చెయ్యి వేసి తిప్పింది. టక్. నన్ను లాగి, వాళ్ల గేటు మెట్టు మీద కూర్చోబెట్టి, నా పాదాన్ని పట్టుకుని వెనక్కి వంచింది. నొప్పికి నాకు మా తాత పేరు కూడా గుర్తొచ్చింది.

"ఇదంతా ఎందుకు చేస్తున్నారు? తీయించిందీ మీరే, కాపలా కాస్తున్నదీ మీరేనా?"

నేను జవాబు వెతుక్కుంటుండగా పక్కన ఆటో ఆగింది. చేతిలో కూరగాయల సంచితో అమ్మ దిగింది. మోండా నుంచి ఇంటికి పోతూ రోడ్డుకు అడ్డంగా ఉన్న ఎర్ర కారును చూసిందట.

"ఏమైంది కొడకా! ఆఫీసుకు పోలేదా? కాలుకు ఏమైంది?" అంటూనే చుట్టూ చూసింది. బోర్డు చూసింది. కర్ర పట్టుకుని నిలబడ్డ శేషారత్నం గారిని చూసింది. ఎన్నోసార్లు ఈ చోట దిగింది గానీ, దిగినప్పుడల్లా కోపంగా బ్రేకర్ వైపే చూసింది తప్ప తల ఎత్తి గేటు వైపు చూడలేదు. "గిది దవాఖాననా బిడ్డా?"

"అవునండి" అంది శ్రీలేఖ.

"గా బ్రేకర్ వీళ్ల కోసమా?"

అమ్మ సంచి కింద పెట్టింది.

"తీపిచ్చింది నేను బిడ్డా. వీనికి తెల్వది. వీన్ని ఏమనకు."

శ్రీలేఖ నా పాదం వదల్లేదు. నా వైపు తిరిగింది. "మరి మీరే చెప్పానన్నారు?"

"అమ్మ ఎన్నడూ ఎవల్నీ ఏమీ అడగలేదండి" అన్నాను. "అడిగింది ఒక్కటి. అది కూడా తప్పని నేనెట్ల చెప్త?"

ఆమె తల దించుకుని మళ్లీ పిక్క నొక్కడం మొదలుపెట్టింది. ఈసారి చాలా మెత్తగా.

తాతారావు గారు గొంతు సవరించుకుని లోపలి నుంచి కుర్చీ తెచ్చి అమ్మ ముందు వేశారు. "కూర్చోండమ్మా. కాఫీ తాగుతారా?"

"తాగుత అన్నా. తాగి, గా కార్పొరేటర్ కాడికే పోత. తీసినాయనే మళ్ల ఎయ్యాలె. ఒకసారి అడుగుడు వచ్చినంక ఇంగ భయమేంది?"

* * *

అమ్మ ఎలా అడిగిందో గానీ, శ్రావణమాసంలో కొత్త బ్రేకర్ పడింది. ముసలోళ్లు భయం లేకుండ దాటాలె, నా కొడుకు కారు సుత గీరకుండ దాటాలె, అని చెప్పిందట. గోడలా కాదు. వెడల్పుగా, మెల్లగా ఎక్కి మెల్లగా దిగేలా. తెల్ల చారలు కూడా వేశారు. తాతారావు గారు దాని మీద నిలబడి ఎగిరి చూసి, "గట్టిగానే ఉంది" అని ఒప్పుకున్నారు.

ఆదివారం పొద్దున అమ్మ దానికి పసుపు పూసి కుంకుమ పెట్టింది. స్పీడ్ బ్రేకర్‌కు బొట్టు పెట్టిన మనిషి సికింద్రాబాద్‌లో ఇంకొకరు ఉంటారనుకోను. నాయిన కూడా వచ్చి, వంగి దాన్ని వేళ్లతో తట్టాడు. "ఇది బోలు లేదు" అన్నాడు నా కారు వైపు చూస్తూ.

"ఇద్దరు కూసోని, దిగకుండ దాటాలె. గదే పరీక్ష" అంది అమ్మ.

"ఎక్కమ్మా మరి" అన్నాను.

"నా మోకాలుకు డాక్టరమ్మ పట్టీ కట్టింది. వంగొద్దన్నది. బిడ్డా, నువ్వెక్కు."

శ్రీలేఖ వాళ్ల నాన్న వైపు చూసింది. ఆయన చారల వైపు చూస్తున్నారు. ఆమె ఎక్కి, పైపు మీదుగా కాళ్లు లోపలికి తీసుకుని, బెల్టు పెట్టుకుంది.

మెట్లబావి దగ్గర నుంచి నెమ్మదిగా వస్తున్నాను. గల్లీ అంతా గోడల వెంట నిలబడి ఉంది. ఈ సౌండులో మా మాటలు ఎవరికీ వినపడవు. కారు కొన్న తర్వాత ఆ సౌండు పనికొచ్చింది అదే మొదటిసారి.

"ఆ రోజు సిగ్నల్ దగ్గర అరిచింది వాన గురించేనా?" అంది శ్రీలేఖ, ముందుకు చూస్తూనే.

నా గుండె గేరు మార్చింది. ముందు చక్రాలు బ్రేకర్ ఎక్కుతున్నాయి. కింద ఏమీ గీరుకోలేదు.

"కాదు!" అని అరిచాను. "వాన కాదు! శ్రీలేఖా, నాకు నువ్వంటేనే..."

ఎడమకాలు. మళ్లీ అదే. సరిగ్గా బ్రేకర్ నడినెత్తి మీద కారు కుదిపి ఆగింది.

"...ఇష్టం!"

ఈసారి గల్లీ మొత్తానికీ వినపడింది. శేషారత్నం గారు కర్ర మార్చి పట్టుకున్నారు. తాతారావు గారు మెల్లగా నడుచుకుంటూ వచ్చి కిటికీ దగ్గర వంగారు.

"ఏవిటయ్యా ఇష్టం?"

నేను ఆశగా ఆకాశం వైపు చూశాను. ఒక్క మబ్బు లేదు. ఎండ ఫెళ్లున కాస్తోంది.

"ఏంది అన్నా గట్ల అడుగుతవ్" అంది వెనక నుంచి అమ్మ. "నీ బిడ్డ."

తాతారావు గారు నన్ను చూశారు. కూతురిని చూశారు. శ్రీలేఖ ఒళ్లో చేతులు పెట్టుకుని, ఎప్పుడూ లేనంత బుద్ధిగా కూర్చుని ఉంది.

"నువ్వు దిగమ్మా" అన్నారు.

"బెల్టు రావట్లేదు నాన్నా."

"రావట్లేదా?"

"అస్సలు రావట్లేదు. చాలా గట్టిగా ఉంది."

"నాకు సుత గట్లనే అయింది అన్నా" అన్నాడు మా నాయిన సాక్ష్యం చెబుతున్నట్టు. "చాయ్ సుత అండ్లనే తాగిన."

తాతారావు గారు కాసేపు మీసం సవరించుకున్నారు. తర్వాత నిటారుగా నిలబడి, కారు పైకప్పు మీద అరచేత్తో ఒక్కటి చరిచారు. "సరే. ఒక రౌండు కొట్టి రండి. అప్పటికి వదులవుతుందేమో. వీళ్లకి కాఫీ పెట్టిస్తాను, చల్లారేలోగా వచ్చెయ్యాలి."

స్టార్ట్ చేశాను. బ్రేకర్ దిగాం. ఎక్కడా గీత పడలేదు.

కానీ కొత్తది ఒక్కటే పద్ధతిగా ఉంది. మిగతా సికింద్రాబాద్ ఎప్పటిలాగే ఉంది. గల్లీ చివర మలుపులో ఇంకో పాత బ్రేకర్, ప్రహరీగోడంత. నేను ఆగాను. శ్రీలేఖ బిళ్లను ఒక్క తిప్పు తిప్పింది. టక్. దిగి, అటు వస్తున్న ఆటోకు చెయ్యి అడ్డం పెట్టింది.

"రైట్ కొట్టు... ఇంకొంచెం... రా, రా, రా..."

అద్దంలో చూశాను. వాళ్ల గేటు ముందు తాతారావు గారు నడుము మీద చేతులు పెట్టుకుని, రోడ్డు మీద నిలబడ్డ కూతురి వైపే చూస్తున్నారు.